అరగాల్సిందీ, మిగలాల్సిందీ

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు పంతంగి టోల్‌గేటు ముందు ఆగిందనుకుందాం. మనుషులు, సామాను కలిపి కారు బరువు ఒక టన్ను అనుకుంటే, ఆగడానికి ముందు దాని కదలికలో ఉన్న శక్తి దాదాపు 386 కిలోజౌళ్లు. కారు ఆగినంత మాత్రాన ఆ శక్తి మాయమైపోదు, వేడిగా మారుతుంది. లీటరుంబావు నీళ్లను మరిగించేంత వేడి అది. అందులో సగానికి పైగా ముందు చక్రాల వెనకున్న రెండు ఇనుప డిస్కుల్లోకీ, వాటిని రెండు వైపులా నొక్కి పట్టే నాలుగు చిన్న ప్యాడ్లలోకీ కొద్ది సెకన్లలో చేరిపోతుంది.

బ్రేకుల మీద మనం పెట్టే ఖర్చంతా ఈ వేడి కోసమే. ప్యాడ్లు అరిగినా, డిస్కులు దెబ్బతిన్నా, బ్రేక్ ఆయిల్ పాడైనా, ప్యాడ్లను నొక్కే కాలిపర్ పట్టేసినా వెనక ఎక్కడో ఒకచోట వేడి ఉంటుంది, లేదా వేడిని పెంచే ఓ చిన్న నిర్లక్ష్యం ఉంటుంది. అందుకే బ్రేకు సామాన్ల మీద డబ్బు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు దుకాణానికి వెళ్లేముందు ఈ వేడి సంగతి తెలుసుకోవాలి. చవక ప్యాడ్ కొంటే మిగిలేది వందల్లో. వేడిని అర్థం చేసుకుంటే మిగిలేది వేలల్లో.

పలక మీద రాస్తే బలపం అరుగుతుంది, పలక మిగులుతుంది. రాపిడి రెండింటికీ ఒకటే. కానీ చవకైనది, మళ్లీ కొనుక్కోగలిగింది ముందు అరగాలన్నది ఆ జోడీలోని తెలివి. బ్రేకులో ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఉన్న ఒప్పందం కూడా ఇదే. ప్యాడ్ల సెట్టు కంటే డిస్కుల జత ధర సాధారణంగా రెండింతలో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. డిస్కుల కంటే కాలిపర్లు ఖరీదు. వాటన్నిటి కంటే, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్ ఖరీదు. ఈ వరుసలో కింద ఉన్నదాన్ని వేళకు మార్చకపోతే దెబ్బ పైమెట్టుకు పాకుతుంది. బ్రేకుల పొదుపు శాస్త్రంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. అరగాల్సినదాన్ని అరగనివ్వాలి, దాని పని అయిపోగానే తీసేయాలి, మిగలాల్సినదాన్ని ఏమాత్రం రాజీపడకుండా కాపాడుకోవాలి.

ఈ జోడీ కుదరడానికి చాలా కాలం పట్టింది. 1902లో బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. తిరిగే డిస్కును రెండు వైపుల నుంచీ నొక్కి పట్టడమన్న ఆలోచన అప్పటికే అందులో ఉంది. కానీ నొక్కే ముక్కలు రాగివి. లోహం మీద లోహం రుద్దుకుని భరించలేనంత కీచుమనే చప్పుడు వచ్చేది, ముక్కలు త్వరగా అరిగిపోయేవి. ఆలోచన సరైనదే, తగిన జోడీ పదార్థం దొరకలేదు. దాని వెనక పడినవాడు అదే దేశంలోని హెర్బర్ట్ ఫ్రూడ్. 1897లో డెర్బీషైర్ కొండల్లో ఆయన మొదలుపెట్టిన సంస్థే తర్వాత ఫెరోడో పేరుతో ప్రసిద్ధమైంది. గుర్రపుబళ్ల బ్రేకు దిమ్మలతో మొదలైన ఆయన ప్రయత్నాలు 1908 నాటికి ఆస్బెస్టాస్ లైనింగుల దాకా వచ్చాయి. ఆస్బెస్టాస్ వేడికి తట్టుకుంది, బాగా పట్టింది, చవకగా దొరికింది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనుషులను చంపుతుందని ప్రపంచం ఒప్పుకోవడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. బ్రిటన్ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. డిస్కు బ్రేకు సత్తా లోకానికి తెలిసింది 1953లో, జాగ్వార్ సీ-టైప్ కారు ఆ బ్రేకులతో లెమాన్ 24 గంటల పందెం గెలిచినప్పుడు.

ఇప్పటి ప్యాడ్ ఒకే పదార్థం కాదు. పది ఇరవై రకాల పొడులు, పీచులు కలిపి వేడిలో అచ్చుపోసిన ముద్ద అది. ఫినాలిక్ రెజిన్ అన్నిటినీ పట్టి ఉంచుతుంది. ఉక్కు పీచో, అరామిడ్ పీచో బలాన్నిస్తుంది. గ్రాఫైట్ రాపిడిని మెత్తబరుస్తుంది, గరుకు ఖనిజాలు పట్టును పెంచుతాయి. ఇందులో మనకు దగ్గరి బంధువులు ఇద్దరున్నారు. ముద్దకు బరువునూ నిలకడనూ ఇచ్చే ప్రధానమైన పూరక ఖనిజాల్లో ముగ్గురాయి ఒకటి. అదే బెరైటీస్. రైల్వేకోడూరు దగ్గరి మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. దానిలో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది, కానీ బ్రేకు లైనింగులకూ ఇదే ఖనిజం కావాలి. రెండోది జీడిపిక్కల పెంకు నుంచి తీసే నూనె. పలాసలో పప్పు ఒలిచాక మిగిలే పెంకు ఉందే, అలాంటి పెంకులోని ఘాటైన నూనెను గట్టిపరచి పొడిచేస్తే, అది ప్యాడ్‌లో చప్పుడును తగ్గించే, రాపిడిని నిలకడగా ఉంచే దినుసవుతుంది. ప్రపంచమంతటా బ్రేకు తయారీదారులు దాన్ని వాడతారు.

రెజిన్, జీడి పొడి రెండూ సేంద్రియ పదార్థాలు. అందుకే వాటికి ఒక హద్దుంది. సుమారు 300 డిగ్రీలు దాటితే అవి విచ్ఛిన్నం కావడం మొదలుపెడతాయి. వాయువులు పుడతాయి, పట్టు సడలుతుంది, ముద్దను పట్టి ఉంచే జిగురు పోవడంతో ప్యాడ్ వేగంగా రాలిపోతుంది. ప్యాడ్ అరుగుదల కిలోమీటర్లతో పాటు మెల్లగా పెరుగుతుంది, ఉష్ణోగ్రతతో మాత్రం ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఒకే కారు, ఒకే ప్యాడ్ ఒకరి చేతిలో 25 వేల కిలోమీటర్లకే అయిపోయి, మరొకరి చేతిలో 50 వేలు దాటడానికి కారణం ఇక్కడే ఉంది.

కాబట్టి మొదటి ఆదా పైసా ఖర్చు లేనిది. కదలికలోని శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. 80లో వెళ్తున్నప్పుడు దూరాన ఎర్రలైటో, స్పీడ్‌బ్రేకరో కనిపించింది. గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీది కాలు తీసేస్తే కారు మెల్లగా 50కి దిగుతుంది. వేగం తగ్గింది 30 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి: 80 వర్గం 6400, 50 వర్గం 2500. అంటే మొత్తం శక్తిలో 61 శాతం గాలికీ, టైర్లకూ, ఇంజనుకూ పోయింది. బ్రేకుకు మిగిలింది 39 శాతం. గేరులో ఉండి కాలు తీసినప్పుడు ఇప్పటి ఇంజన్లు ఇంధనం పంపడం కూడా ఆపేస్తాయి, కాబట్టి ఆ కొద్ది దూరం పెట్రోలు ఖర్చూ లేదు. న్యూట్రల్‌లో వేసి దొర్లించేవాళ్లు ఇంజను నుంచి వచ్చే ఈ సాయాన్ని చేతులారా వదులుకుంటున్నారు. ఇంజను ఆగకుండా ఉండడానికి ఇంధనం కూడా కాలుతూనే ఉంటుంది.

ఘాట్ రోడ్డు మీద ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. తిరుమల నుంచి తిరుపతికి దిగేటప్పుడు మనం సుమారు 700 మీటర్ల ఎత్తు కోల్పోతాం. నలుగురు మనుషులతో 1300 కిలోలున్న కారు ఆ ఎత్తు నుంచి దిగేసరికి దాదాపు 89 లక్షల జౌళ్ల శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. 60 కిలోమీటర్ల వేగం నుంచి 49 సార్లు పూర్తిగా ఆగడంతో సమానం అది. ఇదంతా బ్రేకుల మీదే పడి, ముందు చక్రాల వాటాగా వచ్చే 70 శాతం వేడి డిస్కుల్లోనే నిలిచిపోతే, పది కిలోల ఇనుము వెయ్యి డిగ్రీలు దాటాలి. గాలి చల్లబరుస్తుంది కాబట్టి అంత దూరం పోదు. ఆ చల్లబరిచే పనికి గాలికి సమయం కావాలి. నలభై నిమిషాల్లో దిగితే సెకనుకు 3.7 కిలోజౌళ్లు వదిలించాలి, ఇరవై నిమిషాల్లో దిగితే దానికి రెట్టింపు. రెండో గేరులో దిగితే ఇంజను తన వాటా తీసుకుంటుంది. శ్రీశైలం, అనంతగిరి, మారేడుమిల్లి ఘాట్లలోనూ ఇంతే. ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట భౌతికశాస్త్రం దృష్ట్యా చాలా సరైనది. దిగుతున్నప్పుడు మాడు వాసన వస్తే అది పైన చెప్పిన రెజిన్ కాలుతున్న వాసన కావచ్చు. వెంటనే సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వాలి. అక్కడ పది నిమిషాలు ఆగితే ప్యాడ్లు మిగలడం సరే, ప్రాణాలూ మిగులుతాయి.

ఇక కొలతల సంగతి. నా దృష్టిలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. చాలా కార్లలో కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం 10 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. వెనకున్న ఉక్కు పలకను లెక్కలో కలపకూడదు. 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి మార్చేయడం మంచి పద్ధతి. అంటే మనం కొన్నది 7 మిల్లీమీటర్ల వాడకం. 20 వేల కిలోమీటర్ల సర్వీసులో 7 మిల్లీమీటర్లు మిగిలి ఉందనుకోండి. మూడు మిల్లీమీటర్లకు 20 వేలు తిరిగింది, కాబట్టి ఇదే తీరున నడిపితే 46 వేల దాకా వస్తుంది. అప్పుడే మార్చేస్తే వాడుకోదగ్గ పదార్థంలో సగానికి పైగా చెత్తబుట్టలో పడేసినట్టు. ‘అరిగిపోయాయి సార్, మార్చేద్దాం’ అన్న మాటకు జవాబుగా ‘ఎన్ని మిల్లీమీటర్లున్నాయి?’ అని అడగడం వినియోగదారుడి హక్కు. ఆ సంఖ్యను తేదీతో, కిలోమీటర్ల రీడింగుతో కలిపి సర్వీసు పుస్తకంలో రాసుకుంటే తర్వాతి ఖర్చు ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది. పది వేల కిలోమీటర్లకోసారి టైర్లు అటూ ఇటూ మార్పించేటప్పుడు చక్రాలు ఎలాగూ ఊడతాయి. ‘అన్నా, చక్రాలు విప్పారు కదా, ప్యాడ్లు లోపలివీ బయటివీ ఎంతున్నాయో కూడా చూడండి’ అంటే కాదనే మెకానిక్ ఉండడు.

రెండో వైపు తప్పు ఇంకా ఖరీదైనది. 3 దాటాక కూడా మరో రెండు మూడు వేల కిలోమీటర్లు లాగుదామనుకోవడం. పలచబడ్డ ప్యాడ్ వేడిని అడ్డుకోలేదు. ఆ వేడి నేరుగా ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌కూ, దాని వెనకున్న ద్రవానికీ చేరుతుంది. పూర్తిగా అరిగితే ఉక్కు పలక డిస్కును కోసేస్తుంది. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఉక్కు రేకు ఉంటుంది. పదార్థం రెండు మూడు మిల్లీమీటర్లకు రాగానే అది డిస్కుకు తగిలి సన్నగా కీచుమంటుంది. ఆ చప్పుడు మనకోసం కావాలని పెట్టినదే. పాటల సౌండు పెంచి దాన్ని వినకుండా చేసుకుంటే ప్యాడ్ల బిల్లు డిస్కుల బిల్లవుతుంది.

బానెట్ తెరిస్తే కనిపించే బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా ఒక కొలబద్దే. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఖాళీ అయిన చోటును ద్రవం నింపుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న పిస్టన్‌తో లెక్కేస్తే, ప్యాడ్లు 10 నుంచి 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి రెండు ముందు చక్రాలకూ కలిపి డబ్బాలో 55 మిల్లీలీటర్లు తగ్గుతుంది. మట్టం మెల్లగా తగ్గుతూ వస్తే అది అరుగుదలకు గుర్తు కావచ్చు. ప్రతి సర్వీసులోనూ ఆయిల్ పోసి మట్టం నింపేస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది. ఒక్కసారిగా తగ్గితే మాత్రం లీకు. అప్పుడు బండి కదపకూడదు.

ప్యాడ్లు ఊడదీసినప్పుడు వాటిని పారేయనివ్వకుండా చేతిలోకి తీసుకుని చూడండి. ఒక్కో ప్యాడ్ ఒక్కో రోగాన్ని చెబుతుంది. దాదాపు చిన్న కార్లన్నిటిలో ఉండేది ఒకే వైపు పిస్టన్ ఉండి, రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరిగే కాలిపర్. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది, దాని ప్రతిచర్యతో కాలిపర్ మొత్తం జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. పిన్నులు దుమ్ముతో, తుప్పుతో బిగుసుకుపోతే కాలిపర్ జరగదు. లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లకు వచ్చినా బయటిది 6 దగ్గరే ఉంటుంది. బయట నుంచి చక్రం సందుల్లో చూసినవాళ్లకు అంతా బాగానే కనిపిస్తుంది. ఇలాంటి కారుకు ఎంత మంచి ప్యాడ్లు వేసినా మళ్లీ సగం కాలానికే అయిపోతాయి. పిన్నులు తీసి, శుభ్రం చేసి, కాస్త గ్రీజు రాసి, చిరిగిన రబ్బరు తొడుగు మార్చడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. బ్రేకుల విషయంలో ఇంత తక్కువ డబ్బుతో ఇంత ఎక్కువ ఆదా ఇంకెక్కడా లేదు. అయినా ప్యాడ్లు మార్చే హడావిడిలో చాలామంది వదిలేసేది దీన్నే.

ఆ గ్రీజు ఏదైనా సరిపోతుందనుకోవడం పొరపాటు. బ్రేకు లోపలి రబ్బరు సీళ్లు గ్లైకాల్‌తో చేసిన బ్రేక్ ఆయిల్‌కు తట్టుకునేలా చేసినవి. పెట్రోలు, కిరోసిన్, ఇంజన్ ఆయిల్, మామూలు బేరింగ్ గ్రీజు తగిలితే అవి నీరు పట్టినట్టు ఉబ్బిపోతాయి. ఉబ్బిన సీలు పిస్టన్‌ను వెనక్కి రానివ్వదు. ప్యాడ్ డిస్కును ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్యాడ్ కాలిపోతుంది, చివరికి కాలిపర్ మార్చాల్సి వస్తుంది. డబ్బాడు పెట్రోలుతో బ్రేకంతా కడిగేయడం మన షెడ్లలో పాత అలవాటు. దాన్ని మర్యాదగానే అయినా గట్టిగా ఆపాలి. సీళ్లకు పడే బ్రేక్ క్లీనర్, పిన్నులకు బ్రేకుల కోసమే చేసిన సిలికోన్ గ్రీజు చాలు. ఏదైనా చక్రం పట్టేసిందేమో తెలుసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. పెద్దగా బ్రేకు వేయకుండా కొంతదూరం నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా అరచేతిని కాస్త దూరంగా పెట్టి చూడండి. డిస్కును ముట్టుకోవద్దు. ఒక చక్రం మిగతావాటికంటే స్పష్టంగా ఎక్కువ సెగ కొడుతుంటే అక్కడ పిన్నో, పిస్టనో బిగుసుకుపోయినట్టు, లేదా రబ్బరు గొట్టం లోపల ఉబ్బిపోయినట్టు.

అందరూ బ్రేక్ ఆయిల్ అనే ద్రవం గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. డాట్ 4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి ఇవి 205, 140. ఘాట్ దిగుతున్నప్పుడు కాలిపర్ దగ్గర ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు. ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. డబ్బు సంగతి మరొకటి: నీరు చేరిన ద్రవం లోపలి లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. సన్నని కవాటాలున్న ఆ యూనిట్ తుప్పుతో పాడైతే బిల్లు వేలల్లో, కొన్ని కార్లకు పదుల వేలల్లో వస్తుంది. రెండేళ్లకోసారి కొన్ని వందల రూపాయల ద్రవం మార్చడానికి వెనకాడి ఆ స్థాయి ఖర్చుకు తలుపు తెరవకూడదు. మూత తీసిన సీసాలో మిగిలిన ద్రవాన్ని వచ్చే ఏడాదికి దాచుకోవడం కూడా పొదుపు కాదు. అది సీసాలోనే తేమ పీల్చుకుంటుంది.

డిస్కుల దగ్గర నిర్ణయం కొంచెం కష్టం. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులు మార్చాల్సిన పని లేదు. ప్రతి డిస్కు మీదా, సాధారణంగా అంచునో మధ్య టోపీ భాగం మీదో, కనీస మందం పోతపోసి ఉంటుంది. కొత్తగా 22 మిల్లీమీటర్లున్న డిస్కుకు ఆ హద్దు 20 అయి ఉండొచ్చు. కొలిచేటప్పుడు ఒక మోసం జరుగుతుంది. ప్యాడ్ తగలని బయటి అంచు అరగదు, తుప్పుతో గట్టులా నిలుస్తుంది. వెర్నియర్ కాలిపర్ దవడలు ఆ గట్టు మీద ఆనితే మందం ఎక్కువగా చూపిస్తుంది. మైక్రోమీటర్ లేకపోతే, ముందుగా మందం కొలిచిన రెండు నాణేలను డిస్కుకు రెండు వైపులా అరిగిన భాగం మీద ఆనించి మొత్తం కొలిచి, నాణేల మందం తీసేస్తే సరి. హద్దుకు చాలా పైన ఉండి, పెద్ద పగుళ్లూ లోతైన గాడులూ లేకపోతే ఆ డిస్కు ఇంకో ప్యాడ్ల సెట్టును చూడగలదు. హద్దుకు దగ్గరపడితే మాత్రం కొత్త ప్యాడ్లతో పాటే మార్చాలి. సగం ప్యాడ్ వాడాక మార్చితే కూలి రెండుసార్లు పడుతుంది.

బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణికితే డిస్కు వంకరపోయిందని అందరూ అనేస్తారు. చాలాసార్లు అసలు కారణం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉన్న మందం. మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా వచ్చినా పాదానికి తెలిసిపోతుంది. అది ఎలా వస్తుంది? హబ్ ముఖం మీద తుప్పు పొర ఉండగా దాని మీదే డిస్కు బిగిస్తే అది కొద్దిగా వాలి తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ఒకేచోట ప్యాడ్‌కు తగిలి వేల కిలోమీటర్ల తర్వాత అక్కడ పలచబడుతుంది. చక్రం నట్లను ఎయిర్ గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగించినా ఇదే ఫలితం రావచ్చు. కొత్త డిస్కు వేసేముందు హబ్‌ను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తోమడం, నట్లను టార్క్ రెంచితో ఎదురెదురుగా బిగించడం, ఈ రెండూ చేయించుకుంటే అదే డిస్కు మళ్లీ వణికే ప్రమాదం బాగా తగ్గుతుంది. లేత్ మీద స్కిమ్మింగ్ చేయించడం మంచి దారే, కాకపోతే చేశాక కూడా మందం హద్దుకు పైన మిగలాలి. ఒక వైపు చేస్తే రెండో వైపూ చేయాలి. వెనక డిస్కులకు బదులు డ్రమ్ము బ్రేకులుంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ రాసి ఉండేది గరిష్ఠ వ్యాసం. ప్యాడ్లయినా, డ్రమ్ముల్లోని షూలయినా, డిస్కులయినా ఎప్పుడూ ఎడమ కుడి జతగానే మార్చాలి. ఒక్క వైపు మార్చి సగం డబ్బు మిగిలిందనుకుంటే, గట్టిగా తొక్కినప్పుడు కారు పక్కకు లాగుతుంది.

కొత్త ప్యాడ్లు వేసిన మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప గట్టిగా తొక్కకండి. ప్యాడ్ పదార్థం పలచని పొరగా డిస్కు మీద సమంగా పరుచుకోవాలి. తర్వాత రాపిడి జరిగేది చాలావరకు ఆ పొర మీదే.

ఇప్పుడు కొనుగోలు. మనం ‘కంపెనీ ప్యాడ్’ అనేదాన్ని చాలాసార్లు కారు కంపెనీ తయారుచేయదు. చెన్నై కేంద్రంగా ఉన్న బ్రేక్స్ ఇండియా, రాణే లాంటి సంస్థలు కార్ల కంపెనీలకు సరఫరా చేస్తూనే, సొంత బ్రాండ్లతోనూ బజారులో అమ్ముతాయి. మీ కారుకు మొదట వచ్చిన ప్యాడ్ ఎవరిదో తెలుసుకుని, అదే తయారీదారు పెట్టెలో, అదే మోడల్‌కు చెప్పిన పార్ట్ నంబరుతో కొనడం నమ్మదగ్గ ఆదా. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊళ్లో అధీకృత డీలరు దగ్గరో ఆ నంబరు చెప్పి ధర అడగండి. పెట్టె మీద ఎమ్మార్పీ, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు ఉండాలి, ప్యాడ్ వెనక పలక మీద ముద్ర ఉండాలి. బిల్లు ఇవ్వనంటే కొనొద్దు. నకిలీ ప్యాడ్ మామూలు బ్రేకుల్లో తేడా చూపించదు. దాని అసలు రంగు 300 డిగ్రీల దగ్గర, ఘాట్ మలుపులో బయటపడుతుంది. అక్కడ దాన్ని పరీక్షించే అవకాశం ఒక్కసారే వస్తుంది. తెలియని బ్రాండు ప్యాడ్ కొని మిగుల్చుకునే డబ్బు నాకు ఏ లెక్కలోనూ ఆదాగా కనిపించదు.

విడిభాగాల ధరల్లో ప్రభుత్వ నిర్ణయాల పాత్ర కూడా ఉంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. అసలు విడిభాగాలను బయటి బజారుకు అందకుండా చేసి, స్వతంత్ర మెకానిక్‌లకు దారి మూసేశారన్నది అభియోగం. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామని గుండుగుత్తగా షరతు పెట్టకూడదని, బయట జరిగిన లోపభూయిష్టమైన పని వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీని నిరాకరించవచ్చని ఆ ఉత్తర్వు చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కానీ ఆ వాదన వినియోగదారులకూ, వీధి చివరి మెకానిక్‌కూ ఇచ్చిన ధైర్యం చిన్నది కాదు. ఇక 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను కాక వెయ్యి రూపాయల సరుకుకు వంద రూపాయల తేడా. బిల్లులో ఆ 18 కనిపిస్తోందో లేదో చూసుకోండి.

సొంతంగా ప్యాడ్లు మార్చుకుని కూలి మిగుల్చుకునేవాళ్లు పెరుగుతున్నారు. చేతికి అలవాటున్నవాళ్లకు కష్టం కాదు, కానీ కొన్ని విషయాల్లో తొందర పనికిరాదు. ఒక్క జాకీ మీద ఉన్న కారు కింద చేయి పెట్టకూడదు, స్టాండు తప్పనిసరి. కాలిపర్‌ను రబ్బరు గొట్టానికి వేలాడదీయకూడదు. పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు డబ్బాలో ద్రవం పొంగి పెయింట్ మీద పడితే రంగు పోతుంది. వెనక డిస్కుల్లో హ్యాండ్ బ్రేకు కలిసి ఉంటే పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే స్కానర్ లేకుండా ముట్టుకోకపోవడమే మేలు. అన్నీ బిగించాక, బండి కదిపేముందు, గట్టిపడేదాకా పెడల్‌ను పదే పదే తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి తొక్కుడుకు బ్రేకు పడదు. దుమ్మును నోటితోనో గాలి పైపుతోనో ఊదొద్దు. ఏ పాత లైనింగులో ఏముందో ఎవరికీ తెలియదు. తడిపి తుడవాలి, మాస్కు పెట్టుకోవాలి. మీ మెకానిక్ దగ్గర పనిచేసే కుర్రవాడు ఆ దుమ్మును రోజంతా పీలుస్తాడు కాబట్టి అక్కడా ఈ మాట చెప్పాలి. నీళ్ల సీసా ఖర్చుతో అతని ఊపిరితిత్తులను కాపాడొచ్చు.

ఎలక్ట్రిక్ కార్లలో మోటారే జనరేటరుగా మారి కదలిక శక్తిలో చాలా భాగాన్ని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ప్యాడ్లకు పని తగ్గి ఏళ్ల తరబడి వస్తాయి. అక్కడ కొత్త చిక్కు తుప్పు. వాడని డిస్కు మీద, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, తుప్పు గట్టిపడి ప్యాడ్ పదార్థమంతా మిగిలి ఉండగానే డిస్కు మార్చాల్సి రావచ్చు. వారానికోసారి వెనక ఎవరూ లేని చోట మామూలు బ్రేకును కాస్త గట్టిగా నాలుగైదు సార్లు వేస్తే డిస్కు శుభ్రపడుతుంది. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు శక్తి తిరిగి పోయే చోటు ఉండదు. అప్పుడు భారమంతా ప్యాడ్ల మీదే పడుతుంది. కాబట్టి కొండ మీద చార్జింగ్ పెట్టుకుని దిగాలనుకునేవాళ్లు బ్యాటరీలో కొంత ఖాళీ ఉంచుకుని బయల్దేరాలి. బ్రేక్ ఆయిల్ గడువు మాత్రం ఈ కార్లలోనూ క్యాలెండరును బట్టే నడుస్తుంది, కిలోమీటర్లను బట్టి కాదు.